నేనుండగా ఆగని కంప్యూటర్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను సీనియర్ సెక్షన్ ఇంజినీరు హోదాలో నడికుడి సిగ్నల్ విభాగానికి బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా పదహారు నెలలుంది. సిగ్నళ్లు, రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పాయింట్లు, వాటిని నడిపే రిలేలు చెడిపోకుండా చూసుకోవడం మా పని. లోపాలన్నిటిలోకీ పాపిష్టిది వచ్చి దానంతటదే పోయే లోపం. మెయింటెయినర్ పరుగెత్తుకు వెళ్లేసరికి సిగ్నల్ శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది. అప్పుడు రిజిస్టర్లో 'పరీక్షలో సరిగానే ఉంది' అని రాసి సంతకం పెట్టి వచ్చేస్తారు. నేనూ ఎన్నోసార్లు పెట్టాను. ఆ సంతకం ఎంత పనికిమాలినదో నాకు తెలియజెప్పింది ఒక దర్జీ కూతురు.

మా క్వార్టర్స్ ఎదుటి వీధిలో మస్తాన్ ఉండేవాడు. మా సిబ్బంది యూనిఫారాలన్నీ అతను కుట్టినవే. అతని కూతురు రేష్మా డిగ్రీ పూర్తిచేసి, ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి సంపాదించింది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన కేసు వివరాలు విని టైపు చేయాలి. మొదటి నెల ట్రయల్. అందుకోసం గుంటూరులో విడిభాగాలు కొనుక్కొచ్చి, వీడియోలు చూస్తూ కంప్యూటర్ తానే బిగించుకుంది. తర్వాత మూత తీసి చూసినప్పుడు ముచ్చటపడ్డాను. లోపలి వైర్లు మా రిలే గదిలోకన్నా పద్ధతిగా కట్టి ఉన్నాయి.

కానీ అది ఉన్నట్టుండి ఆగిపోయేది. తెర బిగుసుకుపోయి, మౌస్ కదలదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అప్పటికే రెండు ఫైళ్లు ఆలస్యమయ్యాయి. ఇంకొక్కటి ఆలస్యమైతే తీసేస్తామని సూపర్‌వైజరు చెప్పేసింది. ట్రయల్ ఇంకా పదకొండు రోజులుంది.

మస్తాన్ మొహమాటపడుతూ వచ్చి అడిగాడు. "సారూ, మీరు రైళ్ల సిగ్నళ్లే బాగుచేస్తారు గదా, ఇదొక లెక్కా! ఒకసారి చూడండి. పిల్ల అన్నం గూడా సరిగా తినట్లా."

పొగడ్తకు పడిపోయాను. మల్టీమీటరు చంకన పెట్టుకుని వెళ్లాను. మా పద్ధతి ప్రకారం ఒక్కసారికి ఒక్కటే పరీక్షించాలి. రెండు మార్చి చూస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. కరెంటు వోల్టేజి చూశాను, ఎర్తింగు చూశాను, వేడి చూశాను, అన్నీ సరే. ర్యామ్‌ను, అంటే కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే జ్ఞాపకశక్తి పలకలను, పరీక్షించే ప్రోగ్రాం రెండు గంటలు నడిపాను. అందులోనూ తప్పు లేదు. మస్తాన్ భార్య మూడుసార్లు టీ ఇచ్చింది, కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. మర్నాడూ అంతే. మూడోనాడు కొంచెం కటువుగానే, యంత్రంలో లోపమేమీ లేదు, నువ్వు వాడే సాఫ్ట్‌వేర్ చూసుకో అని చెప్పి లేచాను. రిజిస్టరు లేదు గానీ, నేను పెట్టింది అదే సంతకం.

రేష్మా ఎదురు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. వాళ్ల నాన్న పాత కొలతల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఏ రోజు, ఏ గంటకు, ఏం చేస్తుండగా ఆగిందో వరుసగా రాసిపెట్టుకుంది. "అంకుల్, మీరుంటే ఆగదు. నిన్న మీరు పోయిన పది నిమిషాలకే ఆగింది, చూడండి," అంది.

నాకు సిగ్గేసింది. మా ఫెయిల్యూర్ రిజిస్టర్లు కూడా అంత నిజాయితీగా ఉండవు. కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. మూడు శుక్రవారాల్లోనూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఒక్కసారీ ఆగలేదు. ఆ వేళ నువ్వు పనిచేయవా అని అడిగాను. చేస్తాను, నాన్న నమాజుకు పోతాడు గాబట్టి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, చానా పనవుతుంది అంది.

అప్పుడు బల్ల చూశాను. ఇంట్లో సరైన ప్లగ్గుబోర్డు ఒక్కటే. అందుకని పొడవాటి ఒకే బల్ల మీద ఒక చివర మస్తాన్ మోటారు కుట్టుమిషన్, రెండో చివర కంప్యూటర్. నేను వచ్చినప్పుడు మిషన్ ఎందుకు నడవడం లేదని మస్తాన్‌ని అడిగాను.

అతను నొచ్చుకున్నాడు. "పెద్దాయన వచ్చి కూసుంటే డర్రుమని కుడతా ఉంటామా సారూ? మర్యాద గాదూ?"

ఇప్పుడు కుట్టమన్నాను. అతనికి చెయ్యి రాలేదు. గట్టిగా చెప్పాక మొదలుపెట్టాడు. ఆరో నిమిషంలో తెర బిగుసుకుపోయింది. లోపం కనబడినందుకు నేనంత సంతోషించిన రోజు ఉద్యోగంలో లేదు. మూత తీసి టార్చి వేశాను. ర్యామ్ పలకకు ఒక కొసన క్లిప్పు బిగిసి ఉంది, రెండో కొస గోరుమందాన పైకి లేచి ఉంది. మిషన్ అదిరినప్పుడల్లా అక్కడ స్పర్శ తెగుతోంది. గూడ్సు బండి పోతుంటే పట్టాల పక్కనున్న సిగ్నల్ పెట్టెలో వదులైన వైరు కదిలినట్టు. ఆ రకం లోపాన్ని రైలు పోతుండగానే పరీక్షించాలని కుర్ర మెయింటెయినర్లకు పాఠం చెప్పినవాణ్ణి నేను.

రేష్మా మొహం పాలిపోయింది, బిగించింది తానే కదా. మస్తాన్ మాత్రం, "నా మిషనే నా పిల్ల నోటికాడ కూడు తీస్తంది, రేపే వరండాలోకి లాగేస్తా," అన్నాడు. అక్కర్లేదని పలక బయటికి తీసి రేష్మా చేతికే ఇచ్చాను. రెండు బొటనవేళ్లతో రెండు కొసలూ సమంగా నొక్కింది. ఆ సాయంత్రం మస్తాన్ నాలుగు చొక్కాలు కుట్టాడు. తెర ఒక్కసారి కూడా ఆగలేదు. ట్రయల్ ముగిశాక ఆమెను ఉద్యోగంలో ఖాయం చేశారు.

వాళ్లు నాకు కృతజ్ఞతలు చెప్పారు. నిజానికి కృతజ్ఞత ఉండాల్సింది నాకు. ఆ అమ్మాయి నా హోదాను చూసి ఊరుకుని ఉంటే, ఆమె ఉద్యోగం నా మాట మీద పోయేది. ఆ పుస్తకం నా ముందు పెట్టడానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు.

నేను తనిఖీకి వెళితే మావాళ్లు చేతిలో పని వదిలి లేచి నిలబడేవాళ్లు. ముప్ఫై ఏళ్లు దాన్ని గౌరవమనుకుని సంతోషించాను. మిగిలిన నెలల్లో గడప దాటకముందే, ఎవరూ లేవొద్దు, చేసే పని ఆపొద్దు అని చెప్పేవాణ్ణి. మొదటి వారంలోనే, అంతకుముందు నేను రెండుసార్లు 'సరిగానే ఉంది' అని రాసిన చోట వదులైన వైరు ఒకటి దొరికింది. అధికారి కోసం పని ఆగితే లోపం కూడా ఆగుతుంది. అధికారి వెళ్లాక రెండూ మొదలవుతాయి.