జెండా పిన్ని ఆగిన పది నిమిషాలు

ఆ ఊళ్లో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా అందరికీ ఆమె జెండా పిన్నే. సరస్సు ఒడ్డున పడవలు అద్దెకిచ్చే షెడ్డులో పని. గాలి లేస్తుందనిపిస్తే స్తంభానికి ఎర్రజెండా ఎగరేయాలి. అది పైకెక్కిందంటే నీళ్లలో ఉన్న పడవలు ఒడ్డుకు రావాలి, ఒడ్డున ఉన్నవి కదలకూడదు.

ఆమె పుట్టింది చుక్క నీళ్లకు కటకటలాడే ఊళ్లో. పెళ్లయి ఇక్కడికొచ్చిన కొత్తలో సరస్సు కనబడితే చాలు, భయంతో మొహం తిప్పుకునేది. బస్సు డిపోలో మెకానిక్కైన భర్త, "అదేం నిన్ను పేరు పెట్టి పిలవట్లేదుగా, దూరం నుంచే చూడు" అంటూ ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. ఇంట్లో కుట్టుమిషను ఉండడంతో షెడ్డువాళ్ల లైఫ్ జాకెట్లు చిరిగితే ఆమె దగ్గరికే వచ్చేవి. కుట్టినవి ఇచ్చి రావడానికి వెళ్లీ వెళ్లీ, అక్కడ జెండా చూసుకునే ముసలాయనతో మాటలు కలిశాయి.

"ఆకాశాన్ని చూడకమ్మా, అది అబద్ధాలాడుతుంది" అనేవాడాయన. "ఆ రెండు కొండల మధ్య సందు ఉందే, దాని కింద నీళ్లు చూడు. అవి నల్లబడ్డాయంటే గాలి బయల్దేరిందన్నమాట. మన దాకా రావడానికి పావుగంట."

ఆయన కళ్లకు శుక్లాలొచ్చి పని మానుకున్నాక జెండా తాడు ఆమె చేతికొచ్చింది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి.

మొదటి ఏడెనిమిదేళ్లు గాలి మాట తప్పని మనిషిలా వచ్చిపోయేది. పొద్దున నీళ్లు కదలవు. మూడింటికి గాలి. ఆరింటికి మళ్లీ అంతా సద్దుమణిగేది. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. చుట్టుపక్కల ఊళ్లు పెనంలా కాలుతుంటే ఇక్కడ కాస్త ఊపిరాడుతుందని జనం కాపురాలకొచ్చారు. ఒడ్డు పొడవునా నడకబాట వేశారు. పొద్దున్నే సైకిళ్లు, ఈత నేర్చుకునే ఆడవాళ్లు, కుక్కల్ని తిప్పే పెద్దమనుషులు. ఊరు కళకళలాడింది కానీ గాలికి మాత్రం వేళాపాళా లేకుండా పోయింది. నీళ్లు నల్లబడతాయి, గాలి రాదు. రాదులే అనుకుంటే విరుచుకుపడుతుంది.

ఆమెకు యాభై రెండో ఏడు నడుస్తుండగా ఒక ఆదివారం పడవ పందేలు పెట్టారు. బళ్లో డ్రిల్లు మాస్టారైన ఆమె మరిది మూడు నెలలపాటు పిల్లలకు తెడ్డు వేయడం నేర్పించాడు. పందెం మొదలవబోతుండగా కొండ సందు కింద నీళ్లు నల్లబడ్డాయి. ఆమె జెండా ఎగరేసింది.

పడవలు ఆగిపోయాయి. జనం కొండ వైపు చూస్తూ నిలబడ్డారు. అరగంటయింది, గంటయింది. ఆకు కదల్లేదు. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, గాలెక్కడ? జేబులో పెట్టుకున్నావా?"

"వస్తుందనిపించింది సార్."

"అనిపించడానికా నీకు ఉద్యోగమిచ్చింది?"

సాయంత్రం దాకా గాలి రాలేదు. పందేలు రద్దయ్యాయి. మర్నాటి నుంచి కూరగాయల కొట్టువాడు కూడా, "పిన్నీ, ఇవాళ గొడుగు పట్టుకెళ్లమంటావా?" అని మొదలెట్టాడు. మరిదైతే ఇంటికొచ్చి మరీ ఆటపట్టించాడు. "వదినా, కంట్లో నలక పడి ఉంటుంది, నువ్వు దాన్ని గాలనుకున్నావు!" భర్త మాత్రం, "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసే, ఊరుకో" అన్నాడు. ఆమె నవ్వింది కానీ అన్నం సహించలేదు.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం, బళ్లకు సెలవు రోజు, పదకొండింటప్పుడు, మళ్లీ నీళ్లు నల్లబడ్డాయి. సరస్సులో ఆరు పడవలున్నాయి. ఆమె తాడు పట్టుకుంది. చెయ్యి ఆగిపోయింది. మళ్లీ రాకపోతే? మళ్లీ ఆ మేనేజరు మొహం, ఆ కూరగాయల కొట్టు... ఇంకాస్త నల్లబడనీ, అప్పుడు చూద్దాం అనుకుంది. అలా అనుకుంటూ పది నిమిషాలు నిలబడింది. జెండా పైకెక్కేసరికి గాలి చెవుల్లో హోరుమంటోంది.

అయిదు పడవలు పడుతూ లేస్తూ ఒడ్డుకు చేరాయి. ఆరోది తిరగబడింది. అందులో ఉన్నది ఆమె మరిది, అతని తొమ్మిదేళ్ల కూతురు. మోటారు బోటు వెళ్లి ఇద్దరినీ తెచ్చింది. ప్రాణాలకు ముప్పు లేదు కానీ పడవ అంచుకు తగిలి పిల్ల చెయ్యి విరిగింది.

ఒడ్డున అందరూ ఆమెను మెచ్చుకున్నారు. "జెండా ఎగరేసింది కాబట్టి అయిదు పడవలు దక్కాయి" అన్నాడు మేనేజరు. ఆ మాట ఆమెకు తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

ఆసుపత్రి వరండాలో మరిది తడి బట్టలతో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది.

"నాకు ముందే కనబడింది" అంది.

"ఏంటి వదినా?"

"గాలి. పది నిమిషాల ముందే. నవ్వుతారని ఆగాను."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. లేచి కూతురున్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఆమె మేనేజరుకూ అదే చెప్పింది. ఉద్యోగం పోయినా సరేననుకునే వెళ్లింది. ఆయన పేపరువెయిటు పక్కకు జరిపి, "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ మాత్రం మాట ఆయన నోట రావడం షెడ్డులో ఎవరూ ఎరగరు.

"సార్, నాకు గాలి ఖాయంగా తెలిసే రోజులు పోయాయి" అందామె. "అనుమానానికి కూడా ఒక జెండా కావాలి. పసుపుది. అది ఎగిరితే ఒడ్డు దగ్గరే తిరగాలి, దూరం పోకూడదు. రెండింట్లో ఏది ఎగరేసినా, గాలి రాలేదేమని ఎవరూ నన్ను అడక్కూడదు."

"జనం విసుక్కుంటారమ్మా."

"విసుక్కోనివ్వండి. ఈసారి నేను ఆగను."

పసుపు జెండా ఆమే కుట్టుకుంది. అది ఎగిరిన పది రోజుల్లో నాలుగైదు రోజులు గాలి రానే రాదు. కొత్తగా వచ్చినవాళ్లు సణుగుతారు. ఆమె వింటుంది, జెండా మాత్రం దించదు.

మరిది రెండు నెలలు ఇంటికి రాలేదు. తోడికోడలు మాత్రం ఒకసారి ఫోన్ చేసి, "కట్టు విప్పారక్కా, వేళ్లు బాగానే కదులుతున్నాయి" అని చెప్పి పెట్టేసింది. ఆమె వెంటనే భర్తకు ఫోన్ చేసింది. "పిల్ల వేళ్లు..." అంటూనే ఏడ్చేసింది. అవతల ఇంజను చప్పుడు మధ్య అతను, "సరే, అర్థమైందిలే. ఏడవకు" అన్నాడు.

చలి మొదలయ్యాక ఒక శనివారం మరిది కూతుర్ని వెంటబెట్టుకుని షెడ్డుకొచ్చాడు. కొత్తవాడిలా వరసలో నిలబడ్డాడు. వంతు వచ్చాక స్తంభం వైపు చూశాడు. పసుపు జెండా ఉంది.

"వదినా, వెళ్లొచ్చా?"

"ఒడ్డు మీద బాట కనబడేంత దూరమే వెళ్లు. అంతకు మించి వద్దు."

"సరే" అన్నాడు. కూతుర్ని ఆమె ముందుకు జరిపాడు. ఆమె వంగి పిల్ల జాకెట్టు పట్టీలు బిగించింది.

"పెద్దమ్మా, బిగుసుకుపోతోంది" అంది పిల్ల.

"పోనీలే తల్లీ, అలాగే ఉండనీ."

తండ్రీకూతుళ్లు పడవెక్కారు. ఆమె కొండ సందు వైపు తిరిగి నిలబడింది. ఆ మధ్యాహ్నం గాలి రాలేదు.