అన్ని దేశాల డిస్కులూ ఆడే పెట్టె

వస్తువులు కొనేటప్పుడు నాకు పట్టే పిచ్చి గురించి మా ఆవిడ అనే మాటలు ఇక్కడ రాస్తే బాగుండదు. చెప్పుల జతకు నాలుగు ఊళ్లు తిరిగే మనిషిని నేను. కొడకండ్లలో లెక్కల సారుగా పనిచేసే రోజుల్లో, రెండు గదుల ఇంట్లో ఐదు స్పీకర్లు, వాటికి తోడు ఒక పెద్ద డబ్బా స్పీకరు బిగించి, దానికి హోమ్ థియేటర్ అని నేనే పేరు పెట్టుకున్నాను. మా అమ్మ ఆ పెద్ద డబ్బాను చూసి, ఎత్తు బాగుందని, దాని మీద బియ్యం డబ్బా పెట్టింది. పాట పెడితే చాలు, బియ్యం డబ్బా మూత టకటకమని తాళం వేసేది.

ఆ థియేటర్‌లో లేనిదల్లా మంచి డిస్క్ ప్లేయరే. ఏది కొనాలో ఏడాది గడిచినా తేల్చుకోలేకపోయాను. లెక్కల నోటుబుక్కులో గళ్లు గీసి, ఒక్కో ప్లేయరుకు మార్కులు వేసేవాణ్ని. ఏదీ పాసయ్యేది కాదు. మా బడిలో పిల్లలే నయం.

అలాంటి సమయంలో జర్మనీ నుంచి డిస్క్ వచ్చింది.

అది ఎందుకొచ్చిందో చెప్పాలంటే మా బాపు గురించి చెప్పాలి. మా బాపు మోటబావి పాటలు పాడేవాడు. ఎడ్లు బావి నుంచి నీళ్లు తోడుతుంటే, వాటి నడకకు సరిపోయేలా సాగే పాటలు అవి. కరెంటు మోటర్లు వచ్చాక ఎడ్లకూ పని పోయింది, పాటలకూ పోయింది. తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆ పాటలకు మళ్లీ పని దొరికింది. బస్టాండు దగ్గర దీక్ష శిబిరం వేశారు. పొద్దున్నే జొన్న గటక తిని, తువ్వాల భుజాన వేసుకుని బాపు అక్కడికి వెళ్లేవాడు. పాత మోట రాగంలో కొత్త మాటలు కట్టి పాడేవాడు. అరవై దాటిన మనిషి ఇరవై ఏళ్లవాడిలా తిరగడం చూసి నాకు గర్వంగా ఉండేది, కొంచెం అసూయగా కూడా ఉండేది.

అంతకు రెండేళ్ల ముందు ఒక జర్మనీ ఆవిడ, పని చేస్తూ పాడే పాటల మీద పరిశోధన చేసే మనిషి, మా పాత బావి దగ్గర మూడు రోజులు కూర్చుని బాపు పాటలు వీడియో తీసుకుని వెళ్లింది. ఇప్పుడు ఆ పాటలతో ఒక సినిమా చేసి, కొత్త రకం డిస్క్ మీద ఎక్కించి పంపింది. దానితో పాటు ఇంగ్లీషులో ఒక ఉత్తరం కూడా రాసింది. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, నాకు అర్థమైనంత చదివి తెలుగులో చెప్పాను. "మా ఊళ్లో సినిమా వేశాం. మీ నాన్నగారు తెర మీద కనబడ్డప్పుడు హాలంతా హాయిగా నవ్వింది" అని ఉంది.

బాపు ముఖం మారిపోయింది.

"నవ్విండ్రా? ఎందుకు?"

"సంతోషంతోని, బాపు."

"సంతోషమైతె సప్పట్లు గొడ్తరు గని, నవ్వుడేంది?"

మర్నాడు శిబిరానికి వెళ్లలేదు. గొంతు బాగాలేదన్నాడు. వారం గడిచినా గొంతు బాగుపడలేదు. శిబిరం వాళ్లు ఇంటికొచ్చి అడిగితే వేడినీళ్లు తాగుతున్నట్టు కనిపించాడు. డిస్క్‌ను మాత్రం తన సందుగలో పెట్టి తాళం వేసుకున్నాడు.

నాకు అర్థమైంది. చిన్నప్పుడు ఒకసారి జనగామకు సినిమాకు తీసుకెళ్లాడు. అందులో ఒక పనివాడు అచ్చం బాపులాగే మాట్లాడాడు. వాడు నోరు తెరిస్తే చాలు, హాలు గొల్లుమనేది. బాపు సినిమా సగంలోనే లేచి బయటికెళ్లి సైకిల్ స్టాండు దగ్గర కూర్చున్నాడు. "సినిమాల మన లెక్క మాట్లాడేటోడు తాగుబోతన్న అయితడు, తన్నులు తినేటోడన్న అయితడు" అన్నాడు దారిలో. ఆ హాల్లో నేనూ నవ్వాను. నవ్వుతుంటే ఆయన నావైపు చూశాడు. ఇన్నేళ్లయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

కాబట్టి ఇప్పుడు ఎలాగైనా ఆ డిస్క్ ఆడాలి. వాళ్లు ఎందుకు నవ్వారో బాపు కళ్లారా చూడాలి. లేకపోతే ఆయన మళ్లీ పాడడు.

మా బామ్మర్ది భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుడు. అతని దగ్గర ఆ కొత్త రకం ప్లేయరు ఉంది. బాపును బతిమాలి డిస్క్ తీసుకుని వెళ్లాను. డిస్క్ పెట్టగానే తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. ఈ ప్రాంతంలో ఈ డిస్క్ ఆడటానికి అనుమతి లేదని దాని సారాంశం.

"ఇగ సూస్కో బావా, దీనికి గూడ పర్మిషన్ గావాల్నట" అన్నాడు బామ్మర్ది.

అప్పుడు తెలిసింది నాకు. డిస్కులు తయారుచేసేవాళ్లు ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసుకున్నారు. జర్మనీ బీలో ఉంది, మనం సీలో ఉన్నాం. బీ డిస్క్ సీ ప్లేయరులో ఆడదు. అన్ని ముక్కల డిస్కులూ ఆడే ప్లేయరు కావాలంటే వెతికి కొనుక్కోవాలి.

ఇంటికొచ్చి, ఆడలేదని బాపుకు చెప్పాను.

"మంచిదే" అన్నాడు. డిస్క్ తీసుకుని సందుగలో పెట్టి తాళం వేశాడు. ఆయన భయపడుతున్నాడని అప్పుడు నాకు తెలిసింది.

నోటుబుక్కు మళ్లీ తీశాను. ఈసారి మార్కులకు తీరిక లేదు. జనగామలో, హనుమకొండలో దుకాణాలకు ఫోన్లు చేశాను. "అన్ని దేశాలయి నడుస్తాయా?" అంటే అందరిదీ ఒకటే జవాబు: "అన్ని నడుస్తయి సార్." లెక్కల సారును కదా, ఊరుకోను. "పాత డీవీడీలకేనా, కొత్త రకం డిస్కులకు కూడానా?" అని అడిగేవాణ్ని. అసలు మెలిక అక్కడే ఉంది. చాలా ప్లేయర్లు డీవీడీల విషయంలో ప్రపంచమంతా మనదే అంటాయి, కొత్త డిస్క్ పెడితే మాత్రం మొహం చాటేస్తాయి. ఆ ప్రశ్న దాకా వచ్చేసరికి కొందరు ఫోన్ పెట్టేసేవారు. ఒకాయన "సార్, మీరు కొంటరా, ఇంటర్వ్యూ జేస్తరా?" అన్నాడు.

చివరికి మహబూబాబాద్‌లో ఒక దుకాణదారు దారికొచ్చాడు. "మాటలెందుకు సార్. దుబాయి నుంచి తెచ్చిన డిస్క్ ఒకటి నా దగ్గరుంది. అది గూడ బీనే. మీ కండ్ల ముంగట ఆడిస్త, అప్పుడే తీస్కపోండ్రి" అన్నాడు.

అప్పటికి ఉద్యమంలో భాగంగా సమ్మె మొదలైంది. బడులు లేవు, బస్సులు లేవు. మోటారు సైకిలు మీద తొర్రూరు మీదుగా వెళ్లాను. దుబాయి డిస్క్ ఆడింది. చెవి పెట్టి చప్పుడు కూడా విని, పెట్టెను వెనక సీటుకు కట్టుకుని బయల్దేరాను.

తిరుగు దారిలో రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బంతులు తీరి తింటూ రాకపోకలు ఆపడం అప్పటి పద్ధతి. నన్నూ ఆపారు. వదలాలంటే రెండు షరతులు: జై కొట్టాలి, బువ్వ తినాలి.

"ఆ డబ్బా ఏంది సారూ?" అని గంటె పట్టుకున్న ఒక పెద్దాయన అడిగాడు.

చెప్పాను. ఏ, బీ, సీ అన్నీ విడమరిచి చెప్పాను. బడి లేక చాలా రోజులైంది మరి, పాఠం చెప్పాలని నోరు దురదగా ఉంది. ఆయన గంటె ఆపి శ్రద్ధగా విన్నాడు.

"మనం ఒక్క రాష్ట్రం అడుగవడ్తిమి, ఇన్నేండ్లాయె. గీ డిస్కులోల్లు ఎవ్వల నడగకుంట ప్రపంచాన్నే మూడు ముక్కలు జేసిండ్రా? జర వాళ్ల అడ్రస్ ఇయ్యుండ్రి సారూ!"

బంతంతా నవ్వింది. నా విస్తట్లో ఇంకో గంటె పప్పు పడింది. రెండు ఊళ్లు దాటాక ఇంకో వంటావార్పు. ఇప్పుడే తిన్నానంటే, అక్కడ తిన్నవాడికి ఇక్కడ తినడానికేం రోగమన్నారు. మూడోచోట పులిహోర. ఇల్లు చేరేసరికి మా ఆవిడ కోడికూర వండిపెట్టింది. ఆకలి లేదంటే, ఎక్కడ తినొచ్చావని ఆమె చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

కరెంటు లేదు. బామ్మర్దికి ఫోన్ చేశాను. "మీరు బొగ్గు తవ్వుడు బంద్ వెడితిరి, ఇక్కడ టీవీ నడుస్తలేదు."

"తెలంగాణ గావాల్నా, టీవీ గావాల్నా బావా?"

"రెండు గావాలె!" అని కసిరి పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కరెంటు వస్తుందన్నారు. బాపు ససేమిరా అంటున్నాడని, సందుగ తాళంచెవి సంగతి అమ్మే చూసుకుంది. ఆయన స్నానానికి వెళ్లగానే డిస్క్ తీసి టీవీ దగ్గర పెట్టింది. కరెంటు వచ్చేసరికి వాకిట్లో ఇరవై మంది పోగయ్యారు. బాపును రెండు చేతులూ పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. డిస్క్ తీసి ప్లేయరులో పెట్టాను. అది గుర్రుమంది, గరగరమంది, తెర మీద ఇంగ్లీషులో ఏదో చెప్పి ఆగిపోయింది.

ఇంకోసారి పెట్టాను, మళ్లీ అదే.

"నడ్వదు తియ్యిరా" అని బాపు లేచి వెళ్లిపోయాడు. ఆయన నడకలో సంతోషం కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. దుకాణదారుకు ఫోన్ చేసి అనరాని మాటలన్నీ అన్నాను. ప్రపంచాన్నంతా ఆడిస్తానని చెప్పి జర్మనీని మాత్రం ఎగ్గొడతావా అన్నాను. పాపం ఆయన ఓపిగ్గా "ఆ డిస్క్, మిషిన్ రెండు పట్టుకొని రాండ్రి సార్" అన్నాడు.

పొద్దున్నే మళ్లీ అదే దారి, అవే పొయ్యిలు. గంటె పెద్దాయన నన్ను దూరం నుంచే గుర్తుపట్టి విస్తరి వేయించాడు.

దుకాణదారు డిస్క్‌ను అందరిలా పెట్టలేదు. అంచు పట్టుకుని ముందు తిరగేసి చూశాడు. చూసి, నావైపు చూశాడు.

"సార్, దీనికి బొట్టెవరు వెట్టిండ్రు?"

మెరిసే వైపున, నడిమి బెజ్జం పక్కనే, గుండ్రంగా పసుపు. దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా అమ్మ పసుపు కుంకుమ పెట్టకుండా వాడనివ్వదు. మోటరుకు పెట్టింది, నా మోటారు సైకిలుకు పెట్టింది, ప్లేయరుకూ పెట్టింది, అది నేను చూశాను. డిస్క్ కూడా కొత్తదే కదా. అక్షరాలున్న వైపు వీపు, అద్దంలా మెరిసే వైపు ముఖం అనుకుంది. బొట్టు ముఖానికే పెడతారు కాబట్టి అక్కడ పెట్టి, జాగ్రత్తగా మళ్లీ డబ్బాలో బోర్లించింది. తెర మీద వచ్చిన ముక్క కూడా భూపాలపల్లిలో వచ్చింది కాదు. డిస్క్ చదవలేకపోతున్నానని అది మర్యాదగానే చెప్పింది. కోపంలో ఉన్న లెక్కల సారుకు ఇంగ్లీషంతా ఒకలాగే కనబడింది.

దుకాణదారుకు చేతులు జోడించి క్షమాపణ చెప్పాను. ఆయన మెత్తటి బట్ట తడిపి తుడిచి, డిస్క్ పెట్టాడు. జర్మనీ అక్షరాలు వచ్చాయి. మా బావి కనబడింది. బావి గట్టు మీద బాపు కనబడ్డాడు. "ఆపుండ్రి, ఆపుండ్రి" అని అరిచాను. మొదట చూడాల్సింది నేను కాదు.

ఆ మధ్యాహ్నం వాకిట్లోకి జనం రాలేదు, నిన్నటి ఆటతో వాళ్లకు నమ్మకం పోయింది. బాపు, అమ్మ, మా ఆవిడ, నేను, అంతే. బాపు తువ్వాల కొస నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

తెర మీద బాపు పాట ఎత్తుకున్నాడు. బియ్యం డబ్బా మూత తాళం వేసింది. రెండు చరణాలయ్యాయి. మూడోది ఎత్తుకోగానే, ఎక్కడో దూరం నుంచి అమ్మ గొంతు స్పీకర్లన్నింటిలో నుంచీ ఒక్కసారే విరుచుకుపడింది.

"ఇగో, ఇంటున్నవా! నీ పాట పాడుగాను, బర్రె మక్కచేన్ల వడ్డది!"

తెర మీద బాపు ఆగలేదు. తల కూడా తిప్పకుండా, రాగం చెదరకుండా, అదే పాటలో కలిపేశాడు:

"పడ్డ బర్రెను మెయ్యనియ్యే... పాట సగముల ఇడువరాదే..."

మా ఆవిడ పకపకా నవ్వింది. నేను నవ్వాను. బాపు వైపు భయంగా చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు, తువ్వాల నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరిపడేలా.

అమ్మ మాత్రం నవ్వలేదు. "అగో! నన్ను జూసేనా వాళ్లు నవ్వింది?"

"నిన్ను జూసి గాదే. నా జవాబుకు!" అన్నాడు బాపు. నెల రోజులు ఆయనను మంచానికి కట్టేసిన నవ్వును ఇప్పుడు పెళ్లానికి కూడా వాటా ఇవ్వనంటున్నాడు. "మల్ల పెట్టురా" అన్నాడు. పెట్టాను. ఈసారి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"కింద గా రాతలేందిరా?"

"నువ్వు పాడిన మాటలే బాపు. వాళ్ల భాషల రాసిండ్రు."

"ఎందుకు?"

"నీ మాట వాళ్లకు సమజ్ కావాలె గద."

ఆయన తెర వైపు వంగి చూశాడు. తెర మీద అక్షరాలు వస్తూ పోతూ ఉన్నాయి. బాపుకు తెలుగే చదవడం రాదు.

"అంటె, నేను పాడుతుంటె, వాళ్లందరు గవి సదువుకుంట కూసున్నరా? నా మాట తెల్వాలని?"

"అవ్ బాపు."

"నీ అవ్వ తిట్టిన మాట గూడ రాసిండ్రా?"

"అది గూడ రాసిండ్రు."

బాపు కళ్లు తుడుచుకున్నాడు. లేచి నిలబడి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"గట్లయితె మన సినిమాలోల్లకు గూడ జెప్పు. మా మాట తెల్వకపోతె నవ్వుడు గాదు, కింద రాసుకొని సదువుకొమ్మను" అన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుంటూ, శిబిరంలో ఇంకా జనం ఉంటారా అని నన్నడిగాడు.