అనసూయ వ్యాను ముందద్దం

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నేను పనిచేసిన కాలంలో వైపరు సరిగా లేని బండి ఒక్కటి కూడా నా సంతకంతో రోడ్డెక్కలేదు. చిక్కడపల్లి మిత్రులకు ఈ మాట చాలాసార్లు చెప్పాను. అందులో కొంత గాలి ఉంది. ఎంతో ఇప్పుడు చెబుతాను.

పదవీ విరమణకు ముందటి ఏడాది జూన్‌లో, బడులు తెరవడానికి వారం ముందు, నన్ను స్కూలు వ్యాన్ల ఫిట్‌నెస్ తనిఖీకి వేశారు. ఫిట్‌నెస్ పత్రం లేని వ్యానులో పిల్లలను ఎక్కించకూడదు. ముందద్దం పగిలినా ముక్కలు ఎగరని రకం కావాలి. వెలుతురు డెబ్బై శాతమైనా లోపలికి రావాలి. వైపరు డ్రైవరు చూపు మేర శుభ్రంగా తుడవాలి. మగ్గుతో నీళ్ళు పోసి, ఎదుట నిలబడి చూడడం నా పద్ధతి.

అశోక్‌నగర్ పిల్లలను నారాయణగూడ బడికి తీసుకెళ్ళే అనసూయ వ్యాను వచ్చింది. అది ఆమె భర్త నడిపిన బండి. ఆయన పోయాక ఆమే లైసెన్సు తీసుకుని స్టీరింగు పట్టింది. వైపరు రబ్బరు అరిగి, ఇనుము ఎన్నాళ్ళు రుద్దిందో, డ్రైవరు ముందు అద్దం నిండా విల్లులా గీతలు. అద్దమే మార్చాలి. మార్చి మళ్ళీ తనిఖీకి తేదీ దొరికేసరికి బడులు తెరిచి నాలుగు రోజులవుతుంది. ఈలోగా తల్లిదండ్రులు వేరే వ్యాను చూసుకుంటే ఆమె బతుకుతెరువు పోయినట్టే.

అప్పుడు ఆమె కన్నీళ్ళు పెట్టుకుందనీ, చట్టం చట్టమేనని నేను కదలకుండా కూర్చున్నాననీ మిత్రులకు చెబుతుంటాను.

కన్నీళ్ళేమీ లేవు. మెత్తబడింది నేనే. వానలింకా దిగలేదు కదా, కొత్త రబ్బరు వేసుకుంటే ప్రస్తుతానికి నడుస్తుందిలే అనుకుని కలం మూత తీశాను. సీట్లో ఉన్న ఆమె ఇంకో మగ్గు నీళ్ళు పోయమంది. పోసి, వైపరు ఆడుతుండగా ఎదురుగా ఎండలో చెయ్యెత్తి నిలబడ్డాను. ఆమె దిగి వచ్చింది.

“మీ చెయ్యి కనవడలే సార్. ఇంత పెద్దమనిషి, మీరే కనవడలే. బుడ్డ పోరగాండ్లు ఏం కనవడ్తరు?”

అద్దం మార్చేదాకా జాగ్రత్తగా నడుపుకోమన్నాను. వద్దంది.

ఫెయిల్ రాశాను. ఆ నాలుగు రోజులూ ఆమె పిల్లలను వరుసగా నిలబెట్టి, ముందువాడి బ్యాగు వెనకవాడు పట్టుకునేలా చేసి, చిక్కడపల్లి సందుల మీదుగా బడిదాకా నడిపించింది. గొడుగు పట్టి వాళ్ళ వెంట నేనూ నడిచానని మా ఆవిడతో చెప్పాను. నిజానికి ఆఫీసుకు పోతూ స్కూటరు ఆపి, వాళ్ళు రోడ్డు దాటేదాకా చూశాను. అదీ ఒక్కరోజే. ఒక్క పిల్ల కూడా వేరే వ్యానుకు మారలేదు.

వైపరును పరీక్షించాల్సింది బయట నిలబడి కాదు, డ్రైవరు సీట్లో కూర్చుని. ఇది నాకు ఉద్యోగం చివరి ఏడాదిలో తెలిసింది. ఆ తర్వాత ప్రతి బండిలోనూ నేనే కూర్చుని, నీళ్ళు మరొకరి చేత పోయించాను. ప్రతి బండిలోనూ అంటే, చాలా బండ్లలో.

మొన్న అనసూయకు ఇదంతా చదివి వినిపించాను. కలం మూత తీశానన్న చోట ఆపింది.

“మూత తీసుడు కాదు సార్. సంతకమే పెట్టిన్రు. నేనే కొట్టేపిచ్చిన.”