రంగు పూయని చోటు

రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు నుంచి కొందరు చిత్రకారులు నీటిరంగుల పెట్టెలు పట్టుకొని ఇటలీ పోయి, అక్కడి కొండల ఎదుట కూర్చొని బొమ్మలు వేశారట. గద్వాలలో డ్రాయింగు మాస్టరునైన నేను వాటిని ఫోన్లో చూసి నోరు తెరిచాను. మళ్లీ మూసేసరికి ఒక ఎండాకాలం గడిచింది. ఆ కొండల మీద ఎండ ఉందే, అది రంగు కాదు! వాళ్లు తాకకుండా వదిలేసిన ఉత్త కాగితం.

ఆ ఏడే గట్టు అనే ఊళ్లో మా అక్క చేను పక్కనున్న రాతిగుట్టను కంకర క్రషరుకు ఇచ్చేశారు.

"కాపురానికి వచ్చిన కాన్నుంచి దాని మొకమే చూసి లేస్తున్న. పేల్చకముందే బొమ్మ గియ్యిరా తమ్మీ" అంది అక్క.

"ఫోటో తీస్త తియ్యే."

"ఫోన్ల ఫోటోలు మస్తున్నయి. గోడకు తగిలేసుకునేది గావాలె."

నా చెయ్యి బొమ్మలు వేయడం మరిచి మార్కులు వేయడానికే అలవాటు పడింది. అందుకని నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసిన పెయింటర్ చాచాను తీసుకుపోయాను. ఆయన గీత చూస్తే స్కేలు సిగ్గుతో వంకరపోయేది.

మధ్యాహ్నం మొదలుపెట్టాం. ఆ ఎండకు కుంచె కాగితాన్ని చేరేలోపే రంగు పొడై, తుమ్మితే కర్ణాటక దాకా ఎగిరిపోయేది. అయినా చాచా గీశాడు. చివర్లో, ఎండ కోసం నేను ఖాళీగా వదలమన్న చోటంతా తెల్లరంగు మెత్తేశాడు. గుట్ట కాస్తా సున్నం కొట్టిన గోడైంది.

"గిదేంది చాచా? ఖాళీ వదలమన్న గద!"

"వేలెడు జాగ వదిలితే షాపోడు ఊకుంటడా సారూ? పని ఎగ్గొట్టిండంటడు. నలభై ఏండ్ల చెయ్యి, ఎట్ల ఆగుతది?"

మందపు కాగితం ఇంకొక్కటే మిగిలింది. మొదటి పేలుడు మర్నాడు పొద్దున్నే.

తెల్లవారుతుండగానే మళ్లీ కూర్చున్నాం. చల్లగాలికి రంగు తడితడిగా పారింది, నీడలు ఒకదానిలోకి ఒకటి జారాయి. కుంచె పైబండ దాకా వచ్చింది. చాచా ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకొని, పారిపోయే మేకపిల్లను లాగినట్టు వెనక్కి లాక్కున్నాడు.

ఉత్త కాగితం మీద ఎండ కాసింది. అబద్ధమాడితే నా కళ్లు పోవాలి, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకున్నాను.

"యా అల్లా! నేనేం పుయ్యలే సారూ, అదే వచ్చింది" అన్నాడు చాచా గుసగుసగా.

కింది నీడలకు ఆఖరి పూత వేశాడో లేదో, క్రషరు సైరను మోగింది. దుమ్ము లేస్తే తడి రంగు పాడైపోతుంది. అక్క గుట్టకు వీపు పెట్టి, కొంగు రెండు చేతులా పరిచి బొమ్మ మీదికి వంగింది. కాళ్ల కింద భూమి అదిరింది. ఆమె తిరిగి చూడలేదు.

"తడి ఆరిందా తమ్మీ?" అని మాత్రం అడిగింది.