దిగని విమానం నడిపిన దండాసి మాస్టారు

దండాసి మాస్టారు ఇక లేరు. బుధవారం పొద్దున్నే నందిగాం నుంచి వాళ్ల అబ్బాయి ఫోన్ చేసి, నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడు. ముందురోజే పలాస డయాలసిస్ కేంద్రంలో ఆయనకు సూదులు గుచ్చింది ఈ చేతులే. "మ్యాపులో ఊళ్లు తప్పు పెట్టీవోడివి, నరం మాత్రం బాగా పట్టుకుంతన్నావురా" అని వెక్కిరించారు కూడా.

మూడు దశాబ్దాలు సోషల్ బోధించిన ఆ వాత్సల్యమూర్తి భూగోళంలో ఫెయిల్ చేసిన శిష్యుణ్ణి నేను. ఇప్పుడు ఆ కేంద్రంలో టెక్నీషియన్‌ని. కిడ్నీలు చెడిన మా ఉద్దానం మనుషులు రోజు విడిచి రోజు నాలుగేసి గంటలు యంత్రానికి కట్టుబడి ఉండే చోటికి, తొలిరోజే ఆయన గ్లోబు చంకన పెట్టుకుని వచ్చారు. "నాలుగ్గంటలు ఊరికే తొంగుంటే ఏటొస్తాది? ఎక్కడికైనా పోదాం" అన్నారు. ఆ గ్లోబు మా దగ్గరే ఉండిపోయింది.

పక్క మంచం అక్కుపల్లి నుంచి వచ్చే మత్స్యకార స్త్రీ ఎర్రమ్మది. ఆవిడ ఇచ్చిన వలదారాన్నే ఆయన గ్లోబు మీద పరిచేవారు. మేమెవరమూ పేరైనా వినని రెండు మారుమూల విమానాశ్రయాలను ఎంచి, మధ్య దూరం కట్టి, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల చొప్పున ప్రయాణకాలం తేల్చేవారు. సూది గుచ్చగానే విమానం లేచేది. ఇక దారిపొడవునా కింది దీవుల కబుర్లు, అక్కడి చేపల కబుర్లు. యంత్రం ఆగేసరికి ఇంకా గాల్లోనే ఉండేవాళ్లం, మిగతా దారి తర్వాతి వంతుకు.

ఒకసారి నేను తెలివి ఒలకబోసి, సరిగ్గా నాలుగు గంటల్లో చేరే దారి ఎంచాను. విమానం దిగింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాతి వంతుకు ఎర్రమ్మ రాలేదు. ఒళ్లంతా నీరుపట్టి ఆయాసపడుతున్న ఆవిడను ఆ పైవారం కోడలు తీసుకొచ్చింది.

"ఎందుకు రానేదు ఎర్రమ్మా?" అని మాస్టారు గద్దించారు.

"ఇమానం దిగిపోనాది కదా మేస్టారూ. ఇంక సాల్లే అనుకున్నాను."

విసిగి వేసారి, చికిత్సే మానేద్దామనుకుందని అప్పుడు అర్థమైంది. మాస్టారు ఆ రోజు పెట్టిన చివాట్లు పదో తరగతిలో కూడా తినలేదు నేను. "నాలుగ్గంటల్లో దిగీ ఇమానం ఇంకెప్పుడూ ఎత్తకురా" అన్నారు. అది నాకు గురుశాసనం. ఆ తర్వాత ఎర్రమ్మ ఒక్క వంతూ తప్పలేదు.

ఆఖరి మంగళవారం ఈస్టర్ దీవి నుంచి తాహితి దీవికి బయల్దేరదీశారు. నాలుగు వేల రెండు వందల కిలోమీటర్లు, ఐదుంబావు గంటలు. యంత్రం ఆగేసరికి పసిఫిక్ నడిమధ్యన ఉన్నాం. గుర్తుగా అక్కడ ఎర్రమ్మ బొట్టుబిళ్ల అంటించి ఇంటికి వెళ్లారు.

గురువారం ఆవిడ వస్తుందా, రాదా అనుకుంటూనే కేంద్రం తలుపు తీశాను. అందరికంటే ముందొచ్చి కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నడి సంద్రంలో ఒగ్గీసి పోనారు బాబూ. మనమే దింపాల" అంది.

సూది గుచ్చి గంటంబావు గడిచాక బొట్టుబిళ్లను తాహితి మీదికి జరిపి చేతులు జోడించింది. నేనూ జోడించాను. నాకు దుఃఖం ఆగలేదు. అంతటి విద్యాదాత మాకు మళ్లీ దొరకరు. ఆ మంచం మీదికి రేపు ఎవరొచ్చినా ఆయన లోటు తీరదు. మాస్టారూ, ఇదే మీ మొద్దు శిష్యుడి అశ్రునివాళి.

ఎర్రమ్మ కళ్లు తుడుచుకుని వలదారం నా చేతిలో పెట్టింది.

"ఇంకా రెండుముప్పావు గంటలున్నాది. కొత్తది ఎత్తు బాబూ. ఇయాల దిగకూడదు."