తొమ్మిది నెలలు, ఒకే డైలాగు

ఆ రోజు నేను చెప్పాల్సింది ఒక్క డైలాగు. "నాకేం కాలేదు నాన్నా, కంగారు పడకండి." హీరోయిన్ స్కూటీ మీంచి పడి, దుమ్ము దులుపుకుని లేచి, ఫోన్‌లో తండ్రితో అనే మాట. పదిహేడేళ్లుగా డబ్బింగ్ చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ఇలాంటివి ఒక్క టేక్‌లో చెప్పేసి టీ తాగడానికి వెళ్లిపోతాను. అలాంటిది పదకొండో టేక్ అయ్యాక కూడా అద్దం అవతలి నుంచి యాదగిరి "ఇంకొక్కసారి అక్కా" అన్నాడు.

యాదగిరి ఫిల్మ్‌నగర్‌లో మేం పనిచేసే డబ్బింగ్ థియేటర్‌కి సౌండ్ ఇంజినీరు. యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగినవాడు. మాట తక్కువ, చెవి ఎక్కువ.

"మైకేమైనా మార్చావా ఏంటి?" అని విసుక్కున్నాను.

"మైకు గదే, రూము గదే అక్కా. జర లోపలికొచ్చి ఈ రెండు ఇను."

మొదట, పోయినేడాది అదే హీరోయిన్‌కి నేను చెప్పిన డైలాగు వినిపించాడు. గలగలమంటున్న ఆడపిల్ల. తర్వాత ఆ రోజుది. గొంతు బరువుగా, బొంగురుగా ఉంది. మాటలు నాలుకకి అంటుకుని కదలనంటున్నాయి.

"జలుబు చేసింది" అన్నాను.

"జలుబైతే ముక్కుల తెలుస్తది. గిది గొంతుల ఉంది. మూడు నెల్ల సంది దిగుకుంట వస్తున్నది."

నాకు ముందు నా పనే గుర్తొచ్చింది. ఆ హీరోయిన్‌కి అది మూడో సినిమా. తెరమీద ఆమె గొంతంటే నాదే. నేను చెప్పలేనంటే వేరే వాళ్లని పిలుస్తారు, అంతే. అందుకే ఒక తెలివైన మాట అన్నాను. "మీ కంప్యూటర్‌లో పిచ్ లేపి గొంతు సన్నం చేసే ఏర్పాటు ఉందిగా. కాస్త లేపెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

యాదగిరి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. "లేపుడు నాకు రెండు నిమిషాల పని. గానీ నేను లేపితే నువ్వు దవాఖానకు పోవు. నేను చెయ్య అక్కా."

ఎంత కోపం వచ్చిందంటే, నోటికి ఏదొస్తే అది అనేశాను. నీ పని సౌండ్ చూడ్డం, నా ఒంటి సంగతి నీకెందుకన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. అతను తల వంచుకుని అన్నీ విన్నాడు. పిచ్ మాత్రం ముట్టుకోలేదు. వారం తిరక్కుండా ఆ పాత్ర డబ్బింగ్ ఎవరో కొత్తమ్మాయికి వెళ్లిపోయింది. శ్రీనగర్ కాలనీలో మా ఇంట్లో వంటగది తలుపేసుకుని ఏడ్చాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కళ్లముందే ఉన్నాయి. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. మే నెలలో శాలువా కప్పుకుని, థియేటర్ ఏసీ మీద నెపం వేసేదాన్ని. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి ఉండేవి. తెరమీద ఇరవై రెండేళ్ల పిల్లని, ఇంటికొస్తే రెండంతస్తులు ఎక్కడానికి గోడ పట్టుకునేదాన్ని. వయసు నలభై మూడు కదా, ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను.

చివరికి వెళ్తే, ఈఎన్‌టీ డాక్టరు గొంతులోకి స్కోప్ పెట్టి చూసి, వోకల్ కార్డ్స్ కొంచెం వాచాయన్నారు. ఆయన కళ్లు మాత్రం నా శాలువా మీదే ఉన్నాయి. "ఈ ఎండల్లో చలేస్తోందా అమ్మా? ముందు థైరాయిడ్ చూపిద్దాం" అని జూబ్లీహిల్స్‌లో ఒక ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపారు.

టీఎస్‌హెచ్ అరవై రెండు, నాలుగున్నర దాటకూడదట. యాంటీ టీపీఓ అనే యాంటీబాడీస్ ఎక్కువ. విటమిన్ డి ఎనిమిదే, కనీసం ఇరవై ఉండాలట. ఆ కాగితం చూసి డాక్టరమ్మ "హషిమోటోస్ థైరాయిడైటిస్. ఇది ఆటోఇమ్యూన్. అంటే మీ శరీరమే మీ థైరాయిడ్‌ని పరాయిదనుకుని దాడి చేస్తోంది" అన్నారు.

"దానికి నేనేం అన్యాయం చేశానండీ?" అన్నాను. ఆమె నవ్వి, "మీకు ఎండ ఎప్పుడు తగులుతుంది?" అని అడిగారు.

నా రోజు ఎలా గడుస్తుందో చెప్పాను. డబ్బింగ్ థియేటర్‌కి కిటికీ ఉండదు. పొద్దున ఆటో ఎక్కితే మొహానికి స్కార్ఫ్, తిరిగొచ్చేసరికి చీకటి. ఏం తింటారని అడిగితే మాత్రం గొప్పగా చెప్పాను. గొంతు కోసం పదిహేనేళ్లుగా పెరుగు ముట్టలేదు. చల్లనివి లేవు, నూనెవి లేవు, వేడి చేస్తుందని గుడ్డు కూడా లేదు. ఇక మిగిలింది చారన్నం.

"గొంతుకి పథ్యం పెట్టారు. మనిషికి తిండి పెట్టలేదు" అన్నారామె.

అయితే విటమిన్ డి తగ్గడం వల్లే ఇదంతా వచ్చిందా అని అడిగాను. "అలా చెప్పలేనమ్మా. ఈ జబ్బున్న వాళ్లలో చాలామందికి డి తక్కువగా కనిపిస్తుంది. ఏది ముందో, ఏది వెనకో ఇంకా పరిశోధిస్తున్నారు. తక్కువగా ఉంది కాబట్టి నింపుదాం. అది ఒంటికీ ఎముకలకీ మంచిది. థైరాయిడ్ టాబ్లెట్‌కి బదులు మాత్రం కాదు. ఏ తిండీ కూడా బదులు కాదు." తెలియనిది తెలియదని చెప్పిన డాక్టర్ని చూడగానే నాకు ధైర్యం వచ్చింది. పరగడుపున టాబ్లెట్, వారానికో డి సాచెట్, కాల్షియం రాసిచ్చారు.

ఆ వారమే యాదగిరి ఫోన్ చేశాడు. నేను తిట్టిన సంగతి గుర్తే లేనట్టు, "నెలకొక్కసారి వచ్చి గదే డైలాగ్ చెప్పిపో అక్కా. నువ్వు ఎట్లున్నవో మైకు చెప్తది" అన్నాడు. మొహం చెల్లక రెండు రోజులు ఆలోచించి వెళ్లాను. రికార్డింగ్ అయ్యాక నన్ను మేడ మీదకి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టాడు. తనూ చొక్కా చేతులు మడుచుకుని పక్కనే నిలబడ్డాడు. "నాది సుత చీకటి నౌకరే గదా" అన్నాడు. అప్పటి నుంచి ఫిల్మ్‌నగర్‌లో పనున్న రోజు పొద్దుటి టీ మేడ మీదే తాగుతున్నాం.

ఇల్లు అలకగానే పండగ కాదని మూడో నెలలో తెలిసింది. టీఎస్‌హెచ్ నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. గొంతు అలాగే ఉంది. ఈలోగా వాట్సాప్ వైద్యులు చెప్పారని క్యాబేజీ మానేశాను, గోధుమలు మానేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. డాక్టరమ్మ అన్నీ విని, "వండిన క్యాబేజీ హాయిగా తినండి. గోధుమ పడటం లేదనిపిస్తే చెప్పండి, టెస్ట్ చేద్దాం. ఊరికే మానేయకండి. ముందు, పొద్దున లేవగానే ఏం చేస్తారో ఒక్కొక్కటే చెప్పండి" అన్నారు.

చెప్పాను. లేవగానే గ్లాసుడు వేడిపాలు, అందులో పసుపు, మిరియాలపొడి. గొంతుతో బతికే మాలో చాలామందికి తెల్లారేది దానితోనే. టాబ్లెట్ ఆ పాలతోనే మింగేదాన్ని. మర్చిపోతానేమోనని కాల్షియం బిళ్లా దాంతోపాటే.

ఆమె పెన్ను పక్కన పెట్టేశారు. "మందు వేసుకుంటూ, దాన్ని ఒంటికి పట్టకుండా మీరే అడ్డుపడుతున్నారు. టాబ్లెట్ ఉత్త మంచినీళ్లతో. తర్వాత గంటదాకా ఏమీ వద్దు. కాల్షియం నాలుగు గంటలు దూరంగా." గొంతు బాగుపడాలని తాగిన పాలే గొంతుని వెనక్కి లాగాయి.

అదే రోజు రాత్రి పెరుగన్నం తిన్నాను. మా ఆయన కంచం వంక చూసి, "రేపు డబ్బింగ్ లేదా?" అన్నారు. ఉందన్నాను. మర్నాడు గొంతేమీ పోలేదు. పదిహేనేళ్ల పెరుగు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. గుడ్డు, చేపలు, ఆకుకూరలు ఒక్కొక్కటే మా ఇంటికి తిరిగొచ్చాయి.

పోయిన నెల టీఎస్‌హెచ్ నార్మల్, విటమిన్ డి ముప్ఫై నాలుగు. యాంటీబాడీస్ ఇంకా ఉన్నాయి, టాబ్లెట్ బహుశా జీవితాంతం ఉంటుంది. సరే, ఉండనివ్వండి. రిపోర్టు చూపిస్తే యాదగిరి నన్ను కూర్చోబెట్టి, తొమ్మిది నెలల రికార్డింగులూ వరసగా వినిపించాడు.

"నాకేం కాలేదు నాన్నా, కంగారు పడకండి." ఎవరో ముసలావిడ. "ఈవిడెవరు?" అనబోయి ఆగిపోయాను. రెండోది, మూడోది అదే బొంగురు. ఐదో నెలలో మాటలు నాలుక మీంచి కదిలాయి. ఏడులో తేలికపడ్డాయి. తొమ్మిదోది వినేసరికి కళ్లనీళ్లు ఆగలేదు. అదే డైలాగు ఎనిమిదిసార్లు అబద్ధంగా చెప్పాను. ఆ ఒక్కటీ నిజం.

"దీన్నేమైనా లేపావా?" అని అడిగాను.

"ముట్టనే లేదు అక్కా. గా గొంతు మొత్తం నీదే."

హీరోయిన్ గొంతు తిరిగి నాకు రాలేదు. కొత్తమ్మాయి బాగా చెబుతోంది, అది ఆమెకే చెందాలి. నా గొంతు మునుపటికంటే వీసమెత్తు కిందే నిలిచింది. ఇప్పుడొక లేడీ పోలీసాఫీసరుకి చెబుతున్నాను. ఆ బరువు ఆమెకి బాగా నప్పిందని డైరెక్టరుగారే అన్నారు.

చదివేవాళ్లకి ఒక్క మాట. మన గొంతు మారింది మనకు వినపడదు, మన మొహం ఉబ్బింది మనకు కనపడదు. రోజూ మనల్ని చూసేవాళ్లు, వినేవాళ్లు "నువ్వు మారావు" అంటే పోట్లాడకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్ చూపించుకోండి.

నేను పోట్లాడాను. మొన్న మేడ మీద టీ తాగుతుంటే గుర్తొచ్చి, "ఆ రోజు మైకు ఆన్‌లోనే ఉందేమో. నేను తిట్టినవన్నీ నీ దగ్గర ఉన్నాయా?" అని భయంగా అడిగాను.

యాదగిరి గ్లాసులోకి చూస్తూ, "గవి ఆ దినమే తీసేసిన అక్కా" అన్నాడు.