రాతి పొట్టేలు మెడలో గంట

మైలవరం డ్యాం దగ్గర మా ఊరి దారిలో రాతి పొట్టేలు శిల్పం నిలబెట్టారు. మా మంద ముందు నడిచి, ముసలిదై చనిపోయిన పొట్టేలు గంటను మా మామగారు ముచ్చటపడి ఆ శిల్పం మెడలో కట్టారు.

మర్నాటి సాయంత్రం గాలికి ఆ గంట మోగింది. ఇంటికొస్తున్న మా గొర్రెలన్నీ శిల్పం చుట్టూ చేరి దారికి అడ్డంగా నిలబడిపోయాయి. టూరిస్టు బస్సు ఆగిపోయింది. మామ ఎంత అదిలించినా ఒక్కటీ కదల్లేదు.

నేను గంట విప్పి నా మెడలో కట్టుకున్నాను.

"ఏందమ్మా, ఏం చేస్తాండావు?" మామ నోరెళ్లబెట్టారు.

"ఊరికే నా ఎనక రా మామా!"

గంట మోగిస్తూ ఇంటివైపు నడిచాను. గొర్రెలన్నీ నా వెనకే! బస్సంతా దిగి ఫొటోలు తీసింది. సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

ఇప్పుడు శిల్పం పక్కనే నా జొన్నరొట్టెల అంగడి. పొట్టేలుతో ఫొటో దిగిన ప్రొద్దుటూరు వాళ్లు "గంటక్క యాడ?" అంటూ వస్తారు. ఆ గంట అంగడి చూరుకు వేలాడుతోంది. అది మోగితే మనుషులూ వస్తున్నారు, గొర్రెలూ వస్తున్నాయి.